పాండి గాలి

గుడియాత్తం, 1996 ఫిబ్రవరి, మాసి నెల. మధ్యాహ్నం, కరెంటు పోయిన ఇల్లు. ఇంద్రాణి, ఆమె కొడుకు నందకుమార్, ఏడో నెల కడుపుతో ఉన్న కోడలు, పాండిచ్చేరి పిల్ల సుగన్య.

"అయితే నాలుక్కంతా వచ్చేస్తాదా తల్లీ ఆ గాలి?"

"నాలుగు గూడా కాదత్తా, మూడున్నరకే మొదలు. ముందు తలుపు రెక్క కదుల్తాది. ఆమీట కొబ్బరి మట్టలు. ఆమీట ఒళ్ళంతా చల్లబడతాది."

"ఫాను లేకుండానే?"

"ఫానెందుకత్తా? మా అమ్మోళ్ళింట్లో ఫాను ఉండేది దోమలకే."

"విన్నావా నందా? ఈడ మాసి నెలలోనే గోడ ముట్టుకుంటే చెయ్యి కాల్తా ఉండాది. ఆడ ఫాను దోమలకంట."

"అమా, ఇప్పుడెందుకా మాటలు? విసనకర్ర యాడ?"

"నీ పెండ్లాం చేతిలోనే ఉండాది. నువ్వు విసురుకో తల్లీ, నాకొద్దు. నేను ఈ ఎండలోనే పుట్టి ఈ ఎండలోనే ముసిలిదాన్నయినా. చెప్పు, చెప్పు. సాయంత్రం అయితే ఏం చేస్తారు మీ ఊళ్ళో?"

"ఏం చేస్తారు, అందరూ బీచి రోడ్డుకి పోతారు. గోడమీద కూర్చుంటారు. ఒకరు సెనగల సుండలు తింటా, ఒకరు ఊరికే సముద్రాన్ని చూస్తా. ఎవురూ ఎవురినీ ఏమీ అడగరు. ఎనిమిదైనా తొమ్మిదైనా లేచి ఇంటికి పోవాలనిపించదు."

"ఆడోళ్ళు గూడానా?"

"ఆడోళ్ళే ఎక్కువ."

"బాగుండాదే. నేను గూడా కూర్చుంటా."

"నిజంగానా అత్తా? మీరు వస్తారా?"

"నన్ను పిలిస్తే గదా."

"ఆయన చెప్పలేదా మీకు? మీకని ముందరి గది విడిచిపెట్టినాం. ముత్యాలుపేటలో రెండు గదుల ఇల్లు, ఎనక జామచెట్టు, బాయి నీళ్ళు గూడా ఉప్పు కాదు. ఆయన చూసి..."

"చూసినాడా? ఎప్పుడు చూసినాడు?"

"నేను చూళ్ళేదమా. సుగన్య వాళ్ళ మామ చూసినాడు. జాబు రాసినాడు."

"సరి. మామ చూసినాడు. పని?"

"ఆడ పెద్ద హోటలు కడతా ఉండారమా. ఆరంతస్తులు. నేల పనంతా నాకే ఇస్తానన్నాడు శంకరన్ మేస్త్రీ. మొజాయిక్ కొంత, మార్బుల్ కొంత. రెండేండ్లు పడతాది. అది ముగిసేలోగా ఇంకొకటి వస్తాది. ఇప్పుడు యాడెడ నుంచో జనం పాండికి వస్తా ఉండారు, ఊరికే నాలుగు దినాలు గాలి పీల్చుకోని పోవడానికి."

"మన వేలూరికీ యాడెడ నుంచో వస్తారు. రోగాలు మోసుకోని, పెద్దాసుపత్రికి."

"అదే చెప్తా ఉండా. ఈడ ఏముండాది మాకు?"

"ఏముండాది. మా అత్త చెప్తా ఉండె, నీళ్ళు లేని ఏరు, చెట్టు లేని కొండ, రాజు లేని కోట, ఇదే వేలూరని. అన్నీ లేనివే. దాంట్లో నన్ను గూడా కలిపేస్తే సరిపోతాది. కొడుకు లేని తల్లి."

"అట్లనొద్దు అత్తా."

"ఊరికే అన్నాలే తల్లీ. రానని నేనన్లేదే. ఈ వయసులో నాకు మాత్రం చల్లగా ఉండాలని ఉండదా? అది సరే, చిత్తిర నెలలో గూడా చల్లగానే ఉంటాదా ఆడ?"

"కత్తిరి ముదురెండల్లో గూడా అత్తా. పగటిపూట కొంచెం ఉడకపోత. సాయంత్రానికి సరైపోతాది. అందుకే గదా మేము వచ్చే నెల, పంగుని దాటకముందే పోదామంటా ఉండేది. సీమంతం అయినాక అట్లే పోతే, కాన్పు ఆడ, ఆయన పని ఆడ, మీరూ ఆడనే. ఈ ఎండలో బిడ్డని పెట్టుకోని నావల్ల కాదత్తా. ఇప్పుడే ఒళ్ళంతా పేలింది. అదే ఆడైతే, ఆయన్నే అడగండి, తెల్లారుజామున దుప్పటి కావాలన్నారు మిద్దె మీద."

"ఎవురు?"

"ఆయనే."

"ఎప్పుడు?"

"అదే... దీపావళికి పోయినాం గదా అత్తా. తొలి దీపావళికి."

"ఓ, దీపావళికా. మిద్దె మీదా పడుకున్నారు?"

"ఊ."

"నందా?"

"అవునమా. ఒకనాడు."

"మూడు దినాలు ఎడతెగని వాన అని నువ్వే చెప్పినావు గదప్పా. పటాసులన్నీ తడిసిపోయినాయని, బయట అడుగు పెట్టలేదని. వానలో మిద్దె మీద పడుకుంటారా తల్లీ మీ ఊళ్ళో?"

"ఒక రాత్రి విడిచినింది అత్తా."

"విడిచినిందా. సరి. విడిచినింది."

"అమా, మజ్జిగ ఉండాదా?"

"కుండలో ఉండాది. తాగుదువులే. ముందు పెట్టెమీద ఆ స్కానింగు కాయితం ఉండాది, తే."

"ఎందుకు?"

"చూస్తామని."

"ఇంగ్లీషులో ఉండాదమా. నీకేం తెలస్తాది?"

"నిన్న తెలిసింది. నువ్వు పనికి పోయినాక ఏళుమలై కూతురు వచ్చినింది, టెన్త్ చదవతా ఉండాదే, ఆ పిల్ల. చదివి చెప్పింది. కాన్పు ఏప్రిల్ ఇరవై ఆరంట."

"అదంతా ఒక అందాజుకి రాస్తారమా."

"నువ్వుండు. సుగన్యా, నాకు ఏ నెల చెప్పినావు నువ్వు?"

"వైకాసి అన్నాను అత్తా."

"చిత్తిర పోయి వైకాసి కడాకు అన్నావు. గంగమ్మ సిరసు తిరునాళ్ళు ముగిసినాక అన్నావు. నేను గూడా వీధంతా అదే చెప్పుకోనొచ్చినా. ఏప్రిల్ ఇరవై ఆరంటే చిత్తిరకి నట్టనడుమ."

"పది పదైదు దినాలు అటూ ఇటూ అయితాదంట అత్తా. డాక్టరమ్మే చెప్పింది."

"అయితాది. నేను కాదంటినా? పదైదు కలుపు. మే పదకొండు. అదీ చిత్తిరే."

"అమా, దినాలు ఎంచుకుంటా కూర్చుంటే..."

"నువ్వే ఎంచప్పా. గది చూస్తానే ఎన్ని రాళ్ళు పడతాయో నోటితో చెప్పేవాడివి గదా. ఈ పిల్ల పుట్టింటి నుంచి ఆవణి పదో పొద్దు ఈ గడప తొక్కింది. ఆడ నుంచి పది నెల్లు వేళ్ళమీద పెట్టు. ఏ నెలలోకి వచ్చి నిలుస్తాది?"

"వైకాసి."

"ఇప్పుడు చిత్తిర నుంచి పది నెల్లు ఎనక్కి రా. ఏ నెల?"

"అమా..."

"నోరు తెరిచి చెప్పప్పా."

"ఆడి. ఆవణికి ముందు నెల."

"ఆడిలో నీ పెండ్లాం యాడుండింది?"

"వాళ్ళమ్మింట్లో."

"నువ్వు?"

"ఈడ."

"సుగన్యా, విసనకర్ర కింద పడింది చూడు. తీసుకో. ఆడి నెలలో కొత్త కోడల్ని పుట్టింటికి ఎందుకు పంపిస్తారు, చెప్పు?"

"మీకు తెలీదా అత్తా?"

"నువ్వు చెప్పు. మీ అమ్మ నేర్పించిందో లేదో చూస్తా."

"ఆడిలో కడుపొస్తే చిత్తిరలో కాన్పు అయితాదని. ఆ ఎండకి తల్లీ బిడ్డా తట్టుకోలేరని."

"తట్టుకోలేరు. వీడికి ముందు నాకొకటి పుట్టింది, తెలుసా నీకు? మొగబిడ్డే. కత్తిరి ఎండలు మొదలైన మూడో దినం. తడిగుడ్డలో చుట్టి, వాకిట్లో నీళ్ళు చల్లి, ఆ నీళ్ళమీద చాప వేసి పండబెట్టినాం. పదకొండు దినాలుండింది. అప్పుడు నాకూ ఎవురూ చెప్పలేదు, ఆడిలో మొగుడి పక్కకి పోవద్దని. అందుకే ఇప్పుడు ఇంత గట్టిగా ఉండా."

"నాకు తెలీదత్తా. నిజంగా తెలీదు. పావం."

"పావం నాకెందుకు? ఇంకేమంటారు చిత్తిర బిడ్డని?"

"అందుకేనత్తా నేను ఆడ కంటానంటా ఉండేది. ఆడ గాలి ఉంటాది. బిడ్డకేం కాదు. మీకు జరిగింది నాకు జరగదు."

"ఇంకేమంటారని అడిగినా."

"ఇంటికి కీడంటారు."

"ఏ ఇంటికి?"

"తండ్రి ఇంటికి."

"తండ్రి ఎవురో తెలిస్తే గదమ్మా, ఏ ఇంటికో తెలిసేది."

"అత్తా."

"ఏం?"

"ఏం మాట్లాడతా ఉండారు మీరు?"

"నేనేం మాట్లాడినా? కాయితంలో ఉండేది మాట్లాడినా. ఆడిలో నువ్వు ఆడ, వాడు ఈడ. చిత్తిరలో కాన్పు. ఇది నేను రాసింది కాదు. వేలూరు ఆసుపత్రి మిషను రాసింది."

"ఏమండీ, మీరే చెప్పండి ఆమెకి. ఇంక దాచి ఏం చేస్తారు? ఆడనే తలొంచుకోని కూర్చోవద్దు. చెప్పరా? సరే, నేనే చెప్తా. ఆయన వచ్చినారు అత్తా. ఆడి పద్దెనిమిదో పొద్దు. నాట్రంపల్లిలో పని అని మీకు చెప్పి పాండి బస్సెక్కినారు. తప్పే. ఇద్దరిదీ తప్పే. పెండ్లయి ఇరవై దినాలకే విడదీస్తే ఎట్లుంటాది అత్తా? ఒక్క రాత్రే ఉండినారు. తెల్లారి మొదటి బస్సుకి పోయినారు. మీరు భయపడతారనే వైకాసి అని చెప్పినాం. కొట్టాలంటే కొట్టండి నన్ను."

"కొట్టడమెందుకు. ఎవురింట్లో ఉండినాడు?"

"పాండి పక్కన వీరాంపట్నంలో మీనా అని, నాతో చదువుకొనింది. వాళ్ళింటి మిద్దె మీద. వాళ్ళూళ్ళో అమ్మవారి పండగని మా అమ్మకి చెప్పి పోయినా."

"అంటే మీ అమ్మకీ తెలీదు."

"తెలిస్తే పంపిస్తాదా?"

"ఆమె గూడా అట్లనే చెప్పింది."

"ఎవురు చెప్పింది?"

"మీ అమ్మ. పొద్దున రంగరాజులు బూత్ నుంచి ఫోను చేసినా. ఊరికే, క్షేమమా అని. మాటలో మాటగా అడిగినా, ఆడిలో మా పిల్లోడు మీ ఇంటి పక్కకేమైనా వచ్చినాడా వదినా, దాపరికం వద్దు అని. శివశివా, ఆడిలో అల్లుణ్ణి ఊరి పొలిమేర తొక్కనిస్తామా, మా మర్యాద మాకు తెలీదా అనింది. రంగరాజులు పక్కనే ఉండినాడు. నేనేమీ దాచలేదు, అంతా ఆయనకీ చెప్పినా."

"మా అమ్మని అట్లా అడిగినారా మీరు? ఎందుకు అడిగినారో తెలీకుండానే చెప్పింది ఆమె."

"తెలిసి చెబితే అబద్ధం చెప్పచ్చు. తెలీకుండా చెబితే నిజమే గదా."

"మీనాని అడగండి. నంబరు ఇస్తా. వాళ్ళమ్మ గూడా చూసింది ఆయన్ని."

"సావాసగత్తె. రేపు నువ్వేం చెప్పమంటే అది చెబుతాది. వాళ్ళమ్మ చూసింది మొగోణ్ణి. ఏ మొగోడో ఆమెకేం తెలుసు?"

"అమా, చాలు."

"చాలా? సరి నాయనా, నేను ఆపేస్తా. నువ్వు చెప్పు."

"ఏం చెప్పేది?"

"పోయినావా?"

"అదంతా ఇప్పుడు..."

"ఈ పిల్లని పుట్టింటికి పంపించిన దినం, ఇదే చోట, నా తల మీద చెయ్యి పెట్టినావు. ఆడి ముగిసేదాకా పాండి దావ తొక్కను, తొక్కితే మా అమ్మ నాకు దక్కదు అన్నావు. నేను చెప్పమన్లేదు ఆ మాట. నీ నోటితోనే అన్నావు. ఇప్పుడు అదే నోటితో చెప్పు. పోయింటే పోయినా అను. నేను చక్కెర రోగందాన్ని. మీ నాయన పోయినప్పటి నుంచీ సగం పోయినదాన్నే. నీ ఒట్టు తగిలి మిగతా సగం గూడా పోతాది. మీరిద్దరూ ఆ గాలికే పొండి, సుఖంగా ఉండండి. నేను అడ్డం రాను."

"పోలేదంటే?"

"పోలేదంటే ఏముండాది. నా బిడ్డ నాకాడ ఉంటాడు."

"అమా, ఆ దినం నాట్రంపల్లిలో సెల్వం సైటులో..."

"ఉండినావా?"

"పొద్దున ఉండినా."

"రాత్రి?"

"రాత్రి..."

"ఆమె పక్క చూడొద్దండి. నా పక్క చూడండి. నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు ఈ ఎనిమిది నెల్లలో. ఒక చీర అడగలేదు. ఒక్కటే అడగతా ఉండా. జరిగింది చెప్పండి. ఇట్ల రండి, చెయ్యి ఇట్ల పెట్టండి. తంతా ఉండాది చూడండి."

"సుగన్యా..."

"చెప్పండి."

"నేను పోలేదమా."

"ఏమన్నారు?"

"సుగన్యా, కొంచెం విను..."

"విన్నా. ఇంకోసారి చెప్పండి. సరిగ్గా వినబళ్ళేదేమో నాకు."

"పోలేదు. నాట్రంపల్లిలో ఉండినా."

"చాలు నాయనా. చాలు. తల్లీ, లేచేటప్పుడు గోడ పట్టుకోని లెయ్."

"నాకేం కాదు. నేను లేస్తా. ఆ రాత్రి మీరు నాకొక మాట చెప్పినారు, జ్ఞాపకం ఉండాదా? ఈడికి వస్తే నాకు ఎవురన్నా భయం లేదు సుగన్యా, ఈడనే ఉండిపోదాం అన్నారు. ఈయన మంచోడు, ఆ ఇంటి ఎండే ఈయన్ని ఇట్ల చేస్తా ఉండాది అనుకున్నా నేను. మీ అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె అడిగింది, అంతే. చెప్పింది మీరు. మిమ్మల్ని చూస్తే నాకు అసయ్యంగా ఉండాది."

"మొగుణ్ణి అట్లనకూడదు తల్లీ."

"మొగుడంటారా అత్తా? పోలేదని చెప్పినాడు గదా ఆయన. నాలుగు చీరలుండాయి, అవి తీసుకుంటా."

"తీసుకో. రెండింటికి వేలూరు బస్సు ఉండాది. ఆడ దిగితే పాండికి నేరుగా దొరుకుతాది. రాత్రి తొమ్మిదిలోగా తగుల్తాది నీకు ఆ గాలి."

"ఆ కాయితం ఇవ్వండి."

"ఏ కాయితం?"

"స్కానింగుది. ఆడ డాక్టరుకి చూపించాల."

"అది ఈడనే ఉంటాది. రేపు మీ నాయన నలుగురు పెద్దమనుషుల్ని పిలుచుకోని వస్తే నేనేం చూపించేది?"

"అమా, కాయితం ఇచ్చెయ్."

"నువ్వు నడుమ రావద్దు. నువ్వు చెప్పాల్సింది చెప్పేసినావు."

"సుగన్యా, ఉండు. నేను బస్టాండు దాకా వస్తా. సంచి ఇట్లియ్యి."

"వద్దు. మీరు పాండి దావ తొక్కని మనిషి గదా. బస్టాండు గూడా ఆ దావలోనే ఉండాది."

"చెప్పులు వాకిట్లో లేవు తల్లీ, నీడలో పెట్టినా, తొట్టి పక్కన చూడు. కాళ్ళు కాల్తాయి. పోతా పోతా తలుపు దగ్గరికి లాగు, ఎండ లోపలికి కొడతా ఉండాది."

"లాగతా అత్తా. మీరు జాగ్రత్తగా ఉండండి. ఆయనకి నిద్రలో ఉలికిపడే అలవాటు ఉండాది. మీకు తెలుసో తెలీదో."

"నాకు తెలీకుండా ఉంటాదా."

"పోయొస్తా అనను. పోతా ఉండా."

"నందా. కిటికీ కాడ ఏం చూస్తా ఉండావు? రా. పొద్దున్నించీ ఏమీ తిన్లేదు నువ్వు."

"నడుస్తానే పోతా ఉండాదమా. రిక్షా గూడా పిలవలేదు. తలమీద కొంగు గూడా వేసుకోలేదు."

"ముక్కుమీద కోపం. మలుపులో దొరుకుతాదిలే రిక్షా."

"ఏడో నెలమా ఆమెకి."

"నేను ఏడో నెలలో తట్టలు మోసినా, మీ నాయన కట్టిన ఇండ్లకే. వంకాయ పులుసు చేసినా. పోసేదా?"

"అమా. నేను పోయినా."

"యాడికి?"

"పాండికి. ఆడి పద్దెనిమిది. నీ తలమీద ఒట్టు పెట్టి, పోయినా. ఆమె చెప్పిందంతా నిజం. నువ్వు నా పక్క చూస్తా ఉంటే నోరు రాలేదు నాకు."

"చెయ్యి కడుక్కోని రా."

"వినబళ్ళేదా నీకు? ఆ బిడ్డ నాది."

"నీది కాక ఎవురిదప్పా? మరుసటి దినం నీ ప్యాంటు ఉతికింది నేనే గదా. రెండు జేబుల్లోనూ సముద్రం ఇసక. నాట్రంపల్లిలో సముద్రం యాడుండాది? రా, కూర్చో, అన్నం సల్లారిపోతా ఉండాది."